ప్రమాదం లేని గ్యాస్ కనిపెట్టిన మనిషి



సెప్టెంబరు 16 ఓజోన్ దినోత్సవం. ఈ నెలలో ఏదో ఒకరోజు రాత్రి తొమ్మిదింటికి, తెల్లారేసరికి చార్ట్ పట్టుకెళ్లాలన్న సంగతి మీ ఇంట్లో బయటపడుతుంది. స్కెచ్ పెన్నుల కోసం వెతుకులాట మొదలవుతుంది. గుండ్రటి భూమి, చుట్టూ నీలం గొడుగు, గొడుగులో ఒకచోట చిల్లు. ఆ చిల్లు ఎలా పడిందని అడిగి చూడండి. ఫ్రిజ్‌లలో, ఏసీల్లో వాడే గ్యాస్ వల్ల అని మీ అబ్బాయో అమ్మాయో టక్కున చెబుతారు. జవాబు సరైనదే, మార్కులూ పడతాయి. అయితే ఆ గ్యాస్‌ను ఒకాయన మనుషుల ప్రాణాలు కాపాడటం కోసమే ఎంతో ఆలోచించి తయారు చేశారన్న సంగతి ఆ చార్ట్‌లో ఉండదు.

ఆయన పేరు థామస్ మిడ్జ్‌లీ. ఈ నెల ఆయన జీవితం గురించి చెప్పుకుందాం. ఆయన చేసిన పెద్ద ఆవిష్కరణలు రెండు. ఇప్పటి రాతల్లో ఆ రెండింటినీ ఒకే గాటన కట్టి, భూమికి ఇంత చెడు చేసిన మనిషి మరొకరు లేరని తేల్చేస్తుంటారు. నాకు మాత్రం ఆ రెండూ ఒకటి కావనిపిస్తుంది. ఎందుకో చదివాక మీకే తెలుస్తుంది.

మిడ్జ్‌లీ 1889 మే 18న అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో, బీవర్ ఫాల్స్ అనే ఊళ్లో పుట్టారు. పెరిగింది ఒహాయో రాష్ట్రంలోని కొలంబస్‌లో. ఆ ఇంట్లో కొత్త వస్తువులు కనిపెట్టడం తాతల నాటి అలవాటు. అమ్మ తండ్రి రంపపు పళ్లు ఊడదీసి మళ్లీ బిగించుకునే పద్ధతి కనిపెట్టినవాడు. నాన్న టైర్ల మీద ప్రయోగాలు చేసేవాడు. కుర్రాడికి బేస్‌బాల్ పిచ్చి. స్కూల్లో ఉన్నప్పుడే, ఎల్మ్ చెట్టు బెరడు నమిలి ఆ జిగురు బంతికి రాస్తే అది గాలిలో ఎక్కువగా వంపు తిరుగుతుందని పట్టుకున్నాడట. మన పిల్లలు క్రికెట్ బంతిని ప్యాంటుకేసి రుద్దడం లాంటిదే అనుకోండి. ఇంకో అలవాటు కూడా ఉండేది. మూలకాల ఆవర్తన పట్టిక కాగితం ఎప్పుడూ జేబులో పెట్టుకుని తిరిగేవారు. ఆ కాగితం తర్వాత రెండుసార్లు ఆయన జీవితాన్ని మలుపు తిప్పింది.

1911లో కార్నెల్ విశ్వవిద్యాలయం నుంచి పట్టా పుచ్చుకున్నారు. ఏ బ్రాంచి అనుకుంటున్నారు? మెకానికల్ ఇంజినీరింగ్. ప్రపంచం ఆయన్ను కెమిస్టుగానే గుర్తుపెట్టుకుంది, పెద్ద పెద్ద రసాయన శాస్త్ర పతకాలన్నీ ఆయనకే వచ్చాయి, చివరికి అమెరికన్ కెమికల్ సొసైటీకి అధ్యక్షులూ అయ్యారు. చదివింది మాత్రం మెకానికల్. కౌన్సెలింగ్‌లో కోరుకున్న బ్రాంచి రాలేదని ఇంట్లో అన్నం ముట్టని పిల్లలున్న తల్లిదండ్రులు ఈ సంగతి ఒకసారి వాళ్ల చెవిన వేయవచ్చు.

1916లో డేటన్ నగరంలో చార్లెస్ కెటరింగ్ అనే ఇంజినీరు నడిపే ప్రయోగశాలలో చేరారు. తర్వాత అది జనరల్ మోటార్స్ చేతికి వెళ్లింది. అప్పట్లో కార్లకు ఒక జబ్బు ఉండేది. ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజిన్ లోపల టకటకమని సుత్తితో కొట్టినట్టు చప్పుడు, దాంతోపాటు శక్తి నష్టం. దాన్నే నాకింగ్ అంటారు. మందు కనుక్కోమని కెటరింగ్ ఈయనకు పని అప్పగించారు. మొదటి ఆలోచన విచిత్రమైనది. మంచు కింద కూడా ముందుగా పూసే ఒక మొక్క ఉంది, దాని ఆకుల అడుగు ఎర్రగా ఉంటుంది. ఎరుపు వేడిని బాగా పీల్చుకుంటుందేమో, ఇంధనానికీ ఎర్రరంగు వేస్తే? ప్రయోగశాలలో ఎర్రరంగు దొరక్క అయోడిన్ కలిపారు. నాకింగ్ తగ్గింది! తర్వాత అసలైన ఎర్రరంగులు తెచ్చి కలిపితే ఏమీ జరగలేదు. అంటే పని చేసింది రంగు కాదు, అయోడిన్. తప్పు ఊహ సరైన దారి చూపించింది.

అయోడిన్ ఖరీదు, పైగా లోహాన్ని తినేస్తుంది. ఇక ఒక్కో పదార్థం పరీక్షిస్తూ ఐదేళ్లు గడిపారు. టెల్లూరియం సమ్మేళనాలతో పనిచేసిన రోజుల్లో బృందంలో అందరి ఒంటికీ కుళ్లిన వెల్లుల్లి వాసన పట్టేసింది, స్నానాలు చేసినా వదల్లేదు. చివరికి జేబులో పట్టిక తీసి, పని చేసిన మూలకాలు అందులో ఎటువైపు ఉన్నాయో చూసుకుంటూ కిందికి జరిగారు. 1921 డిసెంబరులో సీసం దగ్గర ఆగారు. టెట్రాఇథైల్ లెడ్ అనే ద్రవం కొద్దిపాటి కలిపితే చాలు, ఇంజిన్ చప్పుడు మాయం. 1923లో అది పెట్రోలు బంకుల్లోకి వచ్చింది. అమ్మకానికి పెట్టిన పేరు ఇథైల్. సీసం అన్న మాట ప్రకటనల్లో రాకుండా చూసుకున్నారు.

ఎందుకు రానివ్వలేదంటే, సీసం విషమని అందరికీ తెలుసు కాబట్టి. రోమన్ల కాలం నుంచీ తెలిసిన సంగతే అది. ఆల్కహాల్ కలిపినా నాకింగ్ తగ్గుతుందని మిడ్జ్‌లీకి తెలుసు, స్వయంగా పరీక్షించారు కూడా. అయితే ఆల్కహాల్ ఎవరైనా కాచుకోవచ్చు, సీసం ద్రవం మీద పేటెంటు ఉంటుంది. 1923 మొదట్లో ఆయనకే సీసం విషం ఎక్కి, ఫ్లోరిడా వెళ్లి విశ్రాంతి తీసుకోవలసి వచ్చింది. 1924 అక్టోబరులో న్యూజెర్సీలోని ఒక కర్మాగారంలో ఈ ద్రవం తయారు చేస్తున్న కార్మికులకు మతి చలించింది. ఐదుగురు చనిపోయారు, పదుల మంది ఆస్పత్రి పాలయ్యారు. అప్పుడు మిడ్జ్‌లీ న్యూయార్క్‌లో విలేకరులను పిలిచి, వాళ్ల ముందే ఆ ద్రవంతో చేతులు కడుక్కున్నారు, ఒక నిమిషం పాటు ఆవిరి పీల్చారు. ఏమీ కాదని చూపించడానికి.

ఇక్కడ ఆయన్ను వెనకేసుకురావడం నా వల్ల కాదు. తెలిసి చేసిన పని అది. ఆ సీసం ప్రపంచమంతా పొగగొట్టాల్లోంచి వచ్చి పిల్లల రక్తంలో చేరింది. సీసం వల్ల పిల్లల తెలివితేటలు దెబ్బతింటాయి, ముఖ్యంగా చిన్నపిల్లలకు. మన దేశంలో సీసం కలిపిన పెట్రోలు 2000 ఫిబ్రవరి నుంచి ఆగిపోయింది. ఇది చదివే తల్లిదండ్రుల్లో చాలామంది సీసం పొగ పీల్చుతూ పెరిగినవాళ్లే. మీ పిల్లలకు ఆ గండం తప్పింది. ప్రపంచంలో చివరి బంకు అల్జీరియాలో 2021లో మూతపడింది.

మూడు రోజుల పని

ఇప్పుడు రెండో ఆవిష్కరణ. ఈ నెల మనకు కావలసింది ఇదే.

కొత్త కుండలో నీళ్లు ఎందుకు చల్లబడతాయో మీకు తెలుసు. పైకి ఊరిన నీరు ఆవిరవుతూ లోపలి వేడిని పట్టుకుపోతుంది. ఫ్రిజ్ చేసేదీ అదే పని. కాకపోతే అక్కడ ఆవిరయ్యే ద్రవం బయటికి పోదు, గొట్టాల్లోనే తిరుగుతుంది. కంప్రెసర్ దాన్ని నొక్కి మళ్లీ ద్రవంగా మారుస్తుంది, మళ్లీ ఆవిరవుతుంది. 1920లలో ఇళ్లలోకి వస్తున్న ఫ్రిజ్‌లలో ఆ పనికి వాడినవి సల్ఫర్ డయాక్సైడ్, మిథైల్ క్లోరైడ్, అమ్మోనియా. అన్నీ విషపూరితాలే, కొన్ని మండుతాయి కూడా. గొట్టం లీకైతే నిద్రలోనే ప్రాణం పోవచ్చు. బెర్లిన్‌లో ఇలా ఒక కుటుంబం చనిపోయిందన్న వార్త చదివి చలించిపోయిన ఐన్‌స్టీన్, లియో సిలార్డ్ అనే యువ శాస్త్రవేత్తతో కలిసి లీకులకు తావులేని ఫ్రిజ్ రూపొందించడానికి కొన్నేళ్లు కష్టపడ్డారు. అవును, ఆ ఐన్‌స్టీనే. పేటెంట్లు వచ్చాయి, ఫ్రిజ్ మాత్రం అంగడికి రాలేదు.

జనరల్ మోటార్స్‌కు ఫ్రిజిడైర్ అనే ఫ్రిజ్‌ల కంపెనీ ఉండేది. విషం కానిది, మండనిది, సరైన ఉష్ణోగ్రత దగ్గర ఆవిరయ్యేది ఒకటి కావాలని 1928లో కెటరింగ్ మళ్లీ మిడ్జ్‌లీనే అడిగారు. ఆయన ఆల్బర్ట్ హెన్నీ, రాబర్ట్ మెక్‌నరీ అనే సహచరులతో కూర్చుని పుస్తకాలు తిరగేశారు. ఒక ప్రామాణిక గ్రంథంలో కార్బన్ టెట్రాఫ్లోరైడ్ మరిగే ఉష్ణోగ్రత మైనస్ 15 డిగ్రీలని ఉంది. అసలు విలువ మైనస్ 128. అచ్చుకెక్కిన ఆ తప్పు అంకె వీళ్ల చూపును ఫ్లోరిన్ వైపు తిప్పింది. మళ్లీ జేబులోంచి పట్టిక బయటికి వచ్చింది. పట్టికలో కుడివైపుకు జరిగేకొద్దీ మండే గుణం తగ్గుతోంది, పైకి వెళ్లేకొద్దీ విషగుణం తగ్గుతోంది. రెండు గీతలూ కలిసేది ఫ్లోరిన్ దగ్గరే. ఫ్లోరిన్ అంటేనే భయపడే రోజుల్లో, కర్బనంతో గట్టిగా పెనవేసుకుంటే అది ఎవరి జోలికీ పోదని వీళ్లు లెక్క వేశారు.

తయారీకి యాంటిమొని ట్రైఫ్లోరైడ్ అనే ముడిసరుకు కావాలి. దేశమంతా వెతికితే దొరికినవి చిన్న చిన్న సీసాలు ఐదు. ఒక సీసా తీసి కొద్ది గ్రాముల గ్యాస్ చేసి, గాజు బుడ్డి కింద ఉంచిన గినీపిగ్ మీదికి వదిలారు. అది హాయిగా ఉంది. లెక్క నిజమైంది! రెండో సీసాతో చేసి మళ్లీ వదిలితే గినీపిగ్ చచ్చిపోయింది. తరచి చూస్తే, మిగిలిన సీసాల్లో సరుకు కల్తీ. అందులోని తేమ వల్ల ఫాస్జీన్ అనే ప్రాణాంతక వాయువు కలిసి వచ్చింది. గ్యాస్‌ను క్షారంతో కడిగితే ఆ దోషం పోతుంది. ఐదింటిలో స్వచ్ఛమైనది ఆ ఒక్క సీసాయే, మొదట చేతికి తగిలిందీ అదే. మొదటి రోజే ఆ జంతువు చచ్చిపోయి ఉంటే మేం పని వదిలేసేవాళ్లమేమో అని తర్వాతి రోజుల్లో మిడ్జ్‌లీ తలచుకునేవారు. ఆలోచన మొదలై గ్యాస్ చేతికి రావడానికి పట్టింది మూడు రోజులు.

1930 ఏప్రిల్‌లో అట్లాంటాలో కెమికల్ సొసైటీ సభ. మిడ్జ్‌లీ వేదిక మీద ఆ గ్యాస్ గుండెనిండా పీల్చి, వెలుగుతున్న కొవ్వొత్తి మీదికి మెల్లగా వదిలారు. మంట ఆరిపోయింది. మనిషికి ఏమీ కాలేదు. విషం కాదు, మండదు, రెండూ ఒక్క ఊపిరిలో రుజువయ్యాయి. సీసం నాటి నాటకం కాదిది. ఈసారి చూపించింది అక్షరాలా నిజం. డ్యూపాంట్ కంపెనీతో కలిసి ఫ్రియాన్ పేరుతో తయారీ మొదలైంది. మన మెకానిక్‌లు ఆర్-12 అని పిలిచింది దీన్నే. దీని కుటుంబానికి క్లోరోఫ్లోరోకార్బన్లు, పొట్టిగా సీఎఫ్‌సీలు అని పేరు.

ఇంకో సంగతి. అదే 1930లో, ఇంగ్లండ్‌లో సిడ్నీ చాప్‌మన్ అనే శాస్త్రవేత్త ఆకాశంలో ఓజోన్ ఎలా పుడుతుందో, ఎలా విడిపోతుందో మొదటిసారి సిద్ధాంతం రాశారు. ఓజోన్ ఎందుకు ముఖ్యమో లోకానికి అప్పుడప్పుడే తెలుస్తోంది. అట్లాంటా సభలో కొవ్వొత్తి చూస్తున్నవాళ్లలో ఎవరైనా లేచి, ఈ గ్యాస్ ఎక్కడికీ కరగదు కదా, మరి చివరికి ఎక్కడికి పోతుందని అడిగే అవకాశమే లేదు. అందుకే సీసం దగ్గర మిడ్జ్‌లీని తప్పుపట్టిన నేను, ఇక్కడ పట్టలేను.

కానీ ఆ గ్యాస్ వల్ల మరో మార్పు వచ్చింది. చార్టుల్లో కనిపించదు, ఎక్కువమంది రాయరు కూడా. అమ్మోనియా ఉన్నచోట శిక్షణ ఉన్న మనిషి ఉండి తీరాలి. గుంటూరు మిర్చి కోల్డ్ స్టోరేజీల్లో, తీరం వెంట రొయ్యల ప్లాంట్లలో ఇవాళ్టికీ అమ్మోనియాయే నడుస్తోంది. లీకైతే ముక్కే చెబుతుంది, జనం పరుగెడతారు, మర్నాడు పేపర్లో వస్తుంది. అందుకని అక్కడ జాగ్రత్త తప్పనిసరి. ఫ్రియాన్‌కు వాసన లేదు, మంట లేదు, ఒంటికి హాని లేదు. లీకైనా ఎవరికీ తెలియదు. గొట్టం కోసి గ్యాస్ గాలిలోకి వదిలేసినా అడిగేవాడు లేడు. దాంతో ఈ పనికి చదువు అక్కర్లేదన్న అభిప్రాయం ఏర్పడింది. ఒక సిలిండరు, ఒక గేజి, రెండు స్పానర్లు ఉంటే చాలు, ఉస్తాద్ దగ్గర ఆర్నెల్లు హెల్పర్‌గా తిరిగిన కుర్రాడు మెకానిక్ అయిపోవచ్చు. మన దేశంలో దశాబ్దాల పాటు అలాగే సాగింది. అంత మంచి గ్యాస్ కాబట్టే అంత అజాగ్రత్త.

రెండో ప్రపంచయుద్ధంలో దోమల మందు స్ప్రేలకు అదే గ్యాస్ వాడారు. యుద్ధం అయ్యాక సెంట్లు, జుట్టుకు కొట్టే స్ప్రేలు, పరుపుల్లో నురగ, ఏసీలు, కార్లు. ఇదంతా చూడటానికి మిడ్జ్‌లీ లేరు. 1940లో, 51 ఏళ్ల వయసులో ఆయనకు పోలియో సోకి కాళ్లు చచ్చుబడ్డాయి. మంచం మీంచి తనను తాను లేపుకోవడానికి తాళ్లు, కప్పీలతో ఒక యంత్రం తయారు చేసుకున్నారు. 1944 నవంబరు 2న ఆ తాళ్లలో చిక్కుకుపోయి ప్రాణం పోయింది. 55 ఏళ్లు. పేరు మీద 100కు పైగా పేటెంట్లు. పోయేనాటికి ఆయన దేశం గర్వించే శాస్త్రవేత్త.

గ్యాస్ ఎక్కడికి పోయింది?

1971లో జేమ్స్ లవ్‌లాక్ అనే ఆంగ్లేయుడు తాను స్వయంగా తయారు చేసుకున్న పరికరంతో ఓడలో అంటార్కిటికా దాకా వెళ్తూ, దారి పొడవునా గాలిలో సీఎఫ్‌సీల ఆనవాళ్లు పట్టుకున్నారు. అంటే వదిలినది వదిలినట్టే గాలిలో ఉంది. మరి చివరికి ఏమవుతుంది? 1974లో కాలిఫోర్నియాలో షెర్వుడ్ రోలాండ్, మెక్సికో నుంచి వచ్చిన యువకుడు మారియో మొలీనా లెక్క కట్టారు. దేనితోనూ కలవని ఆ గ్యాస్ ఏళ్ల తరబడి మెల్లగా పైకి చేరి, తీవ్రమైన అతినీలలోహిత కిరణాలు తగిలి విచ్ఛిన్నమవుతుంది. అప్పుడు విడుదలయ్యే ఒక్క క్లోరిన్ పరమాణువు లక్ష వరకు ఓజోన్ అణువులను ధ్వంసం చేయగలదు. పైనున్న ఓజోనంతా నేలమీదికి తెచ్చి పరిస్తే 3 మిల్లీమీటర్ల మందమే ఉంటుంది. సూర్యుడి అతినీలలోహిత కిరణాలకు, మన చర్మానికి, కళ్లకు, పంటలకు మధ్య ఉన్న అడ్డు అంతే.

కంపెనీలు నమ్మలేదు. పదకొండేళ్లు వాదనలు నడిచాయి. 1985లో అంటార్కిటికాలోని హాలీ బే నుంచి బ్రిటిష్ పరిశోధకులు తమ కొలతలు ప్రకటించారు. అక్కడి వసంత రుతువులో ఓజోన్ మూడో వంతుకు పైగా తగ్గిపోయింది. ఆ తర్వాత రెండేళ్లకే, 1987 సెప్టెంబరు 16న మాంట్రియల్‌లో ఒప్పందం కుదిరింది. మీ పిల్లల చార్ట్ మీద ఉండే తేదీ అదే.

మన దేశం వెంటనే సంతకం పెట్టలేదు. కారణం ఉంది. సీఎఫ్‌సీలు వాడి సుఖపడింది ధనిక దేశాలు. మన ఇళ్లలోకి ఫ్రిజ్‌లు అప్పుడప్పుడే వస్తున్నాయి. గ్యాస్ మార్చాలంటే కర్మాగారాలు మార్చాలి, మనుషులకు నేర్పాలి, ఆ ఖర్చెవరిది? 1990లో లండన్ సమావేశంలో భారత్, చైనా ఈ ప్రశ్న దగ్గర గట్టిగా నిలబడ్డాయి. అభివృద్ధి చెందుతున్న దేశాల ఖర్చు భరించడానికి ఒక ఉమ్మడి నిధి ఏర్పాటైంది. 1992 జూన్‌లో మనం చేరాం. ఢిల్లీలో పర్యావరణ శాఖ కింద ఓజోన్ సెల్ అనే విభాగం మొదలైంది. 2000లో నియమావళి వచ్చింది. లైసెన్సు లేకుండా ఈ గ్యాస్‌లు తయారు చేయకూడదు, దిగుమతి చేసుకోకూడదు.

కర్మాగారం మూయించడం ఒక విధంగా తేలిక. దేశంలో వాటిని వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. కానీ గ్యాస్ నింపే మెకానిక్‌లు? వీధికొకరు. వాళ్లకు ఒక సంఘం లేదు, జాబితా లేదు. ఆర్-12 దొరకదని ఉత్తర్వు వస్తే, ఇంకేదో తెచ్చి నింపుతారు, లేదా దొంగ సరుకు కొంటారు. అందుకని 1990ల చివరి నుంచి ఊరూరా శిక్షణ శిబిరాలు మొదలయ్యాయి. 2004 తర్వాత జాతీయ ప్రణాళిక కింద అవి పెద్ద ఎత్తున సాగాయి. గ్యాస్‌ను గాలిలోకి వదలకుండా వేరే సిలిండర్‌లోకి ఎలా లాగాలి, శుభ్రం చేసి మళ్లీ ఎలా వాడాలి, వాక్యూమ్ పంపు ఎందుకు కావాలి, ఇవన్నీ చేతితో చేయించి నేర్పారు. ఐటీఐలకు పరికరాలు ఇచ్చారు. ఓడరేవుల్లో సిలిండర్ మీద ఒక పేరు, లోపల ఒక గ్యాస్ ఉంటే పట్టుకోవడం కస్టమ్స్ అధికారులకు నేర్పారు. 2008 ఆగస్టు 1 నాటికి, గడువుకు 17 నెలల ముందే, భారత్ సీఎఫ్‌సీల తయారీ ఆపేసింది. ఆస్తమా ఇన్‌హేలర్లకు మాత్రం మరికొన్నేళ్లు మినహాయింపు ఉంది. ఈ గడువు గురించి మన పిల్లల పుస్తకాల్లో ఒక పేజీ ఉండాలని నాకు అనిపిస్తుంది.

తర్వాత వచ్చింది ఆర్-22. మీ ఇంట్లో పాత ఏసీ ఉంటే బహుశా అదే ఉంటుంది. ఓజోన్‌కు దాని హాని ఆర్-12 చేసేదాంట్లో ఇరవయ్యో వంతు, కానీ ఉంది. కొత్త ఏసీల తయారీలో దాని వాడకానికి 2024 చివరితో గడువు ముగిసింది. పాతవాటి మరమ్మతులకు 2030 దాటే వరకూ తగ్గుతున్న పరిమాణాల్లో దొరుకుతుంది. దాని స్థానంలో వచ్చిన ఆర్-410ఎ ఓజోన్‌ను ముట్టదు, కానీ కార్బన్ డయాక్సైడ్‌తో పోలిస్తే 2,000 రెట్లకు పైగా భూమిని వేడెక్కిస్తుంది. 2016లో రువాండా రాజధాని కిగాలీలో ఆ కుటుంబాన్నీ క్రమంగా తగ్గించాలని దేశాలు ఒప్పుకున్నాయి, మనం 2021లో ఆమోదించాం. ఇప్పుడు షాపుల్లో ఎక్కువగా అమ్ముడుపోతున్నది ఆర్-32. కొద్దిగా మండే గుణం ఉంది. కొన్ని ఏసీల్లో ఆర్-290. అదేమిటో తెలుసా? ప్రొపేన్. మన వంట గ్యాస్ సిలిండర్‌లో ఉండే వాయువుల్లో ఒకటి. మీ కొత్త ఫ్రిజ్ వెనక స్టిక్కర్ చూడండి, ఆర్-600ఎ అని ఉండొచ్చు. అది ఐసోబ్యూటేన్, అదీ మండేదే.

మిడ్జ్‌లీ ఏ మంటను తప్పించడానికి ఫ్రియాన్ తెచ్చారో, 90 ఏళ్ల తర్వాత కొద్ది మోతాదులో ఆ మంట గుణం ఇంట్లోకి తిరిగి వచ్చింది. వాడేవాళ్లు భయపడక్కర్లేదు. యంత్రం సీలు చేసి ఉన్నంతకాలం క్షేమమే. సీలు విప్పే మనిషి చేతిలో ఉంది విషయమంతా. 2019లో కేంద్ర ప్రభుత్వం ప్రకటించిన కూలింగ్ యాక్షన్ ప్లాన్‌లో లక్షమంది మెకానిక్‌లకు శిక్షణ ఇచ్చి సర్టిఫికెట్ ఇవ్వాలని లక్ష్యం పెట్టుకున్నది ఇందుకే. అడ్మిషన్ల సమయంలో క్లాసురూముకు ఏసీ ఉందా అని మీలో చాలామంది అడుగుతారు. అడగడం న్యాయమే, మన ఎండలు అలాంటివి. దాన్ని సర్వీసు చేసేది ఎవరు, వాళ్లకు ఏ శిక్షణ ఉంది అని కూడా అడగండి. మేం జవాబు చెప్పవలసినవాళ్లమే.

ఇంట్లోనూ అంతే. ఏటా వేసవి రాగానే గ్యాస్ తగ్గింది, నింపాలి అనే మాట మీరు విని ఉంటారు. ఏసీలో గ్యాస్ పెట్రోలులా ఖర్చయ్యేది కాదు. తగ్గిందంటే ఎక్కడో లీకు ఉన్నట్టే. లీకు పట్టకుండా నింపితే మీ డబ్బులు ఆకాశానికి పోతాయి, గ్యాసూ అక్కడికే పోతుంది. తెలిసిన మెకానిక్ ముందు నైట్రోజన్‌తో పీడనం పెట్టి లీకు వెతుకుతాడు, బాగుచేస్తాడు, వాక్యూమ్ పంపుతో గొట్టాల్లోని గాలి, తేమ లాగేస్తాడు, ఆ తర్వాత స్టిక్కర్ మీద రాసి ఉన్న గ్యాస్‌నే, రాసి ఉన్నన్ని గ్రాములు, తూకం వేసి నింపుతాడు. దీనికి గంటకు పైగా పడుతుంది, కొంచెం ఎక్కువ అడుగుతాడు. ఇవ్వండి. ఆర్-22 ఏసీలో ప్రొపేన్ నింపుతానని, చల్లదనం పెరుగుతుందని ఎవరైనా అంటే మాత్రం వద్దనండి. ఆ యంత్రం మండే గ్యాస్ కోసం తయారైనది కాదు. మరమ్మతు మొదలుపెట్టే ముందు పాత గ్యాస్‌ను సిలిండర్‌లోకి లాగుతున్నాడా, కిటికీలోంచి వదిలేస్తున్నాడా గమనించండి. పిల్లల్ని కాస్త దూరంగా నిలబెట్టి చూడనివ్వండి. బ్రేజింగ్ మంట ఉంటుంది కాబట్టి దూరం తప్పదు. ఎందుకు తూకం వేస్తున్నారని వాళ్లు అడిగితే ఆ మెకానికే చెబుతాడు.

అంటార్కిటికా మీద ఓజోన్ 1980 నాటి స్థితికి చేరడానికి 2066 దాకా పడుతుందని ఐక్యరాజ్యసమితి శాస్త్రవేత్తల అంచనా. ఆర్-12 ఒకసారి గాలిలో కలిస్తే సుమారు 100 ఏళ్లు ఉంటుంది. మన ఊళ్లలో పాత ఫ్రిజ్‌ల గొట్టాలు కోసి వదిలిన గ్యాస్ ఇంకా పైనే తిరుగుతోంది. ఈ ఏడాది ఐదో తరగతి చదువుతున్న మీ పాప 2066 నాటికి 50 దాటి ఉంటుంది.